పోలియో కాలుతో మంచు మీదికి: తిరుపతి నుంచి స్కీయింగ్ మొదలుపెట్టాలనుకునేవాళ్లకి

స్కీయింగ్ చెయ్యాలంటే రెండు కాళ్లూ గట్టిగా ఉండాలని రూలేం లేదు. ఈ సంగతి నాకు ముప్ఫై నాలుగేళ్లు వచ్చేదాకా తెలియదు. నాకు రెండేళ్ల వయసులో ఎడమ కాలికి పోలియో వచ్చింది, తొడ దాకా క్యాలిపర్, అంటే కాలు నిలబడటానికి కట్టుకునే స్టీలు కడ్డీల పట్టీ, ఉంటుంది. అలిపిరి మెట్లు 3,550 అని చిన్నప్పటి నుంచీ వింటున్నాను గానీ ఒక్కసారి కూడా ఎక్కలేదు, ఎప్పుడు కొండకెళ్లినా బస్సే. అలాంటి నేను మనాలి దగ్గర సోలాంగ్‌లో సిట్-స్కీలో కూర్చుని నాలుగు రోజులు మంచు వాలు మీద జారి వచ్చాను. తిరిగొచ్చాక క్యాలిపర్ బెల్టు మార్పించుకోవడానికి తిరుపతిలో వికలాంగులకి వైద్యం చేసే బర్డ్ ఆస్పత్రికి వెళ్తే, వరండాలో కూర్చున్నవాళ్లు నా ఫోన్‌లో వీడియో చూసి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. ఎంత ఖర్చయింది, ఎవరు ఎత్తారు, కాలు గడ్డకట్టదా, బాత్రూమ్ సంగతేంటి, ఆడపిల్లవి ఇంట్లో ఎలా ఒప్పుకున్నారు. ఆ రోజు ఒక్కొక్కరికీ సగం సగం చెప్పాను. ఇక్కడ పూర్తిగా చెబుతాను.

మీ శరీరానికి ఏది సరిపోతుంది

ఒక కాలు బాగుండి, రెండో కాలు లేకపోయినా బలం లేకపోయినా, బాగున్న కాలికి ఒక్క స్కీ, అంటే మంచు మీద జారే పొడవాటి పలక, కట్టుకుని, రెండు చేతుల్లో అవుట్‌రిగ్గర్లు పట్టుకుని నిలబడి జారొచ్చు. మంచు మీద మూడు గీతలు పడతాయి కాబట్టి దీన్ని త్రీ-ట్రాక్ అంటారు. అవుట్‌రిగ్గర్ అంటే మన మోచేతి కర్రలాంటిదే, కింద రబ్బరు బుష్ బదులు చిన్న స్కీ ముక్క ఉంటుంది. తాడు లాగితే ఆ ముక్క పైకి మడుచుకుని మామూలు కర్రలా నడవడానికీ పనికొస్తుంది. కర్రల కింద స్కీ ముక్కలు కట్టే ఆలోచన రెండో ప్రపంచ యుద్ధం నాటిది. యుద్ధంలో కాలు పోగొట్టుకున్న ఫ్రాంజ్ వెండెల్ అనే జర్మన్ 1942లో అలాంటి కర్రలతోనే స్కీ పోటీలో దిగాడు. అక్కడి నుంచి నడిచి నడిచి 1976లో స్వీడన్‌లోని ఓర్న్‌షోల్డ్స్‌విక్‌లో మొదటి వింటర్ పారాలింపిక్స్ జరిగాయి. ఎవరో నిన్నా మొన్నా మన మీద జాలితో కనిపెట్టిన ఆట కాదిది. మీకు ఎవరైనా "ఇవన్నీ మనకెందుకు" అంటే ఈ మాట చెప్పండి.

రెండు కాళ్లూ ఉండి బలం తక్కువైతే రెండు స్కీలు, రెండు అవుట్‌రిగ్గర్లు కలిపి ఫోర్-ట్రాక్. కాళ్ల మీద నిలబడలేనివాళ్లకి సిట్-స్కీ, అంటే బకెట్ లాంటి సీటు, కింద స్ప్రింగు, దాని కింద స్కీ. ఒకే స్కీ ఉంటే మోనో-స్కీ, దీనికి నడుము బలం, చేతి బలం బాగా కావాలి. రెండు స్కీలుంటే బై-స్కీ, ఇది కొంచెం నిలకడగా ఉంటుంది, వెనక నుంచి శిక్షకుడు తాడు పట్టుకుని వస్తాడు కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లకి ఇదే మంచిది. నేను చేసింది బై-స్కీ. త్రీ-ట్రాక్ కూడా అడిగాను, కానీ నాకు కుడి మోకాలు ఇప్పటికే అరిగి ఉంది, ముప్ఫై ఏళ్లుగా రెండు కాళ్ల పని అదొక్కటే చేస్తోంది కదా, ఫిజియోథెరపిస్టు వద్దన్నారు. నేనూ పట్టుబట్టలేదు.

చూపు లేనివాళ్లు మామూలు స్కీలే వేసుకుంటారు. ముందో వెనకో ఒక గైడు ఉండి మాటతో దారి చెబుతాడు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులైతే స్పెషల్ ఒలింపిక్స్ వైపు చూడండి. 2025 మార్చిలో ఇటలీలోని టురిన్‌లో జరిగిన వాళ్ల ప్రపంచ వింటర్ క్రీడల్లో మన దేశానికి 33 పతకాలు వచ్చాయి. అందులో ఫ్లోర్‌బాల్ అనే ఆట కూడా ఉంది, అది గచ్చు మీద ఆడేదే, దానికి మంచు అక్కర్లేదు, తిరుపతిలో ఏ ఇండోర్ హాల్లోనైనా నేర్పొచ్చు.

మంచు కంటే ముందు మనుషులు

ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. నేనూ చేశాను. ముందు టూర్ ఏజెంట్‌కి ఫోన్ చేశాను. "మేడమ్, మీలాంటివాళ్లకి సీనరీ ప్యాకేజీ ఉంది, కార్లోంచే చూడొచ్చు" అన్నాడు. ఫోన్ పెట్టేసి రెండు నెలలు ఆ ఊసే ఎత్తలేదు. మళ్లీ మొదలుపెట్టింది ఒక్కదాన్ని కాదు, ముగ్గురం. రేణిగుంట అన్న ఒకరు, స్లాబు పని చేస్తూ పడిపోయి వెన్నుపూస దెబ్బతిని ఎనిమిదేళ్లుగా వీల్‌చైర్‌లో ఉన్నారు. చిత్తూరు నుంచి ఇంకో అన్న, పుట్టుకతోనే చూపు లేదు, బ్యాంకులో పని. మూడోదాన్ని నేను. ఆదివారం పొద్దున ఆరింటికి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్ దగ్గర కలిసేవాళ్లం, తోడుగా ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరు.

అలాంటి మనుషులు ఎక్కడ దొరుకుతారని అడుగుతారు. మనం ఎక్కడ గంటలు గంటలు కూర్చుంటామో అక్కడే. సదరం క్యాంపు లైన్లో, బర్డ్ వరండాలో, కృత్రిమ కాళ్ల కొలతలు తీసే గది బయట, పింఛను పంచే రోజు. పక్కనున్న మనిషితో జబ్బు గురించి ఎలాగూ మాట్లాడతాం కదా, ఈసారి ఆట గురించి అడగండి. పది మందిలో ఎనిమిది మంది నవ్వేసి ఊరుకుంటారు. మిగతా ఇద్దరు ఫోన్ నంబరు ఇస్తారు, మొదలుపెట్టడానికి ఆ ఇద్దరు చాలు.

ముందు ఇక్కడ కలవాలని ఎందుకంటున్నానంటే, మంచు మీద మిమ్మల్ని ముట్టుకోకుండా ఏ పనీ జరగదు. సీట్లో కూర్చోబెట్టడం, బెల్టు బిగించడం, పడితే లేపడం, వాలు పైకి లాగడం, అన్నిటికీ ఎవరో ఒకరి చెయ్యి కావాలి. మనలో చాలామందికి సాయం అడగడమంటే తలకొట్టేసినట్టు ఉంటుంది, లేకపోతే ఎలా పట్టుకుంటే అలా పట్టుకోనిచ్చి ఆ నొప్పి దిగమింగుకుంటాం. ఈ రెండూ అక్కడ ప్రమాదమే. అందుకే గ్రౌండ్‌లో మేం చేసిన మొదటి పని వ్యాయామం కాదు, చెప్పడం నేర్చుకోవడం. రేణిగుంట అన్న తన మాటలు కాగితం మీద రాసుకున్నారు: "చంకల కింద పట్టుకోవద్దు. వెనక ఒకరు నడుం బెల్టు పట్టుకోండి, ముందు ఒకరు మోకాళ్ల కింద. నేను మూడు అన్నాక లేపండి." ఆ మూడు ముక్కలు ఆయన మొదటి వారం గొణుక్కుంటూ చెప్పారు. మూడో వారానికి వాళ్ల తమ్ముడు తొందరపడి రెండుకే లేపబోతే "ఆగరా, నేనింకా చెప్పలా" అని గట్టిగా అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. ఎనిమిదేళ్లలో తన ఒంటి గురించి ఆయన ఇంట్లో గొంతెత్తడం అదే మొదటిసారని వదిన తర్వాత నాతో చెప్పింది.

మీరు కూడా మీ మూడు ముక్కలు రాసుకోండి. తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి, ఎందుకంటే కొండల్లో శిక్షకులు హిందీయే మాట్లాడతారు.

ఆరు నెలల పని

మన దేశంలో స్కీయింగ్ సీజన్ సుమారుగా డిసెంబరు చివర నుంచి మార్చి దాకా. గంగమ్మ జాతర అయ్యి, ఎండలు కాస్త తగ్గాక, జూన్ చివర్లో మొదలుపెడితే సరిగ్గా ఆరు నెలలు దొరుకుతాయి.

భుజాలు, వీపు, నడుము, ఈ మూడింటి మీదే దృష్టి పెట్టండి. రబ్బరు బ్యాండు కిటికీ ఊచకి కట్టి వెనక్కి లాగడం, కుర్చీ చేతుల మీద బరువు మోపి ఒళ్లు పైకి లేపడం, మెత్తని దిండు మీద కాళ్లు ఆనించకుండా కూర్చుని ఇద్దరు ఒకరికొకరు బంతి విసురుకోవడం. ఈ చివరిది చిన్నపిల్లల ఆటలా కనబడుతుంది గానీ సిట్-స్కీలో మీకు కావలసిన బ్యాలెన్సు అదే. పోలియో ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక: అలసిపోయేదాకా చెయ్యొద్దు. మన కండరాల్లో మిగిలిన నరాలు ఇప్పటికే రెట్టింపు పని చేస్తున్నాయి, మర్నాటికి కూడా తగ్గని అలసట వచ్చిందంటే ఎక్కువ చేశారని అర్థం.

డాక్టరుని తప్పకుండా కలవండి. బీపీ, గుండె, ఎముకల బలం చూపించుకోండి. ఏళ్ల తరబడి బరువు మొయ్యని కాళ్లలో ఎముక పలచబడి ఉంటుంది, చిన్న పాటుకే విరుగుతుంది. మా అమ్మమ్మ మాత్రం "పడితే పడిందిలే, పుత్తూరు పక్కనే కదా, కట్టు కట్టించుకొస్తాం" అని ధైర్యం చెప్పింది. నేను స్కాన్ చేయించుకునే వెళ్లాను.

చలి రుచి ఒకసారి చూడండి. తిరుపతిలో ధనుర్మాసం పొద్దున 16, 17 డిగ్రీలు ఉంటేనే మనం మఫ్లరు చుడతాం. హైదరాబాద్‌లో స్నో వరల్డ్ ఉంది, చెన్నై ఈసీఆర్ రోడ్డులో వీజీపీ స్నో కింగ్‌డమ్ ఉంది. చెన్నై మనకి దగ్గర, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చెయ్యొచ్చు. వీల్‌చైర్ లోపలికి రానిస్తారా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడ స్కీయింగ్ నేర్చుకోవడానికేం ఉండదు. సున్నా కింద చలిలో అరగంట ఉంటే మీ కాలు, మీ క్యాలిపర్, మీ గ్లౌజులు ఎలా ఉంటాయో తెలుసుకోవడానికే వెళ్లాలి. నా క్యాలిపర్ స్టీలు కడ్డీ చల్లబడి, సాక్సు లోంచి కూడా చర్మాన్ని కొరికినట్టు అయింది. అది తెలిసింది కాబట్టే కడ్డీకి ఉన్ని గుడ్డ చుట్టించి తీసుకెళ్లాను.

కాగితాలు, ఫోన్లు, డబ్బు

సదరం సర్టిఫికెట్, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు, రైల్వే వాళ్ల దివ్యాంగుల కార్డు, ఈ మూడూ ఉండాలి. తోడు లేకుండా ప్రయాణం చెయ్యలేని శారీరక వికలాంగులకి, చూపు లేనివాళ్లకి స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ 75 శాతం రాయితీ వస్తుంది, తోడు వచ్చే మనిషికి కూడా అంతే. తిరుపతి నుంచి నిజాముద్దీన్‌కి ఏపీ సంపర్క్ క్రాంతి ఉంది, అక్కడి నుంచి మనాలికి బస్సు, లేదంటే నలుగురైదుగురు కలిస్తే వ్యాను. జనవరిలో ఢిల్లీ పొగమంచుకి రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి కాబట్టి బస్సు టిక్కెట్టు అదే రోజుకి కొనకండి. వెన్నుపూస గాయం ఉన్నవాళ్లు రైల్లో, బస్సులో ప్రతి అరగంటకీ ఒళ్లు ఎత్తి దించాలి. అంత దూరం వెళ్లి పుండుతో పడుకుంటే ఆటంతా పోతుంది.

ఎక్కడికి వెళ్లాలి అంటే, మన దేశంలో స్కీయింగ్ నేర్పే పేరున్న చోట్లు మూడు: కశ్మీర్‌లో గుల్మార్గ్, హిమాచల్‌లో మనాలి-సోలాంగ్, ఉత్తరాఖండ్‌లో ఔలి. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే స్కీయింగ్ శిక్షణ సంస్థ ఉంది, మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పేరు మీదున్న పర్వతారోహణ సంస్థ ఉంది. కానీ పేరు చూసి డబ్బు కట్టొద్దు. సిట్-స్కీలు, వాటిని నడిపించడం తెలిసిన శిక్షకులు అన్ని చోట్లా, అన్ని సీజన్లలోనూ దొరకరు. మేం దివ్యాంగులతో సాహసయాత్రలు చేసే ఒక బృందంతో కలిసి వెళ్లాం, సామాను వాళ్లే తెచ్చారు. ఎవరితో వెళ్లినా ఫోన్‌లో ఇవి అడగండి: సిట్-స్కీలు ఎన్ని, సీటు వెడల్పు ఎన్ని అంగుళాలు, వెనక తాడు పట్టే మనిషి ఇంతకుముందు ఎంతమందిని దించాడు, వాలు పైకి ఎలా తీసుకెళ్తారు, గది నుంచి వాలు దాకా ఎంత దూరం, బాత్రూమ్ తలుపు వెడల్పు ఎంత, దగ్గర ఆస్పత్రి ఎక్కడ. బాత్రూమ్ తలుపు ఫొటో పంపమని అడగడానికి సిగ్గుపడొద్దు. మొదట మాకు "అన్నీ యాక్సెసబుల్ మేడమ్" అన్నారు, ఫొటో వచ్చాక చూస్తే గుమ్మం దగ్గర రెండు మెట్లున్నాయి, అప్పుడు వేరే బస వెతుక్కున్నాం.

ఇన్సూరెన్సు పాలసీ చదవండి, చాలావాటిలో సాహసక్రీడలు మినహాయింపుల కింద ఉంటాయి. ఖర్చు నాకు అన్నీ కలిపి నలభై వేలు దాటింది. నెలకి 6,000 పింఛను మీద బతికేవాళ్లకి అది చిన్న మొత్తం కాదు. మేం ముగ్గురం ఏడాది పాటు నెలనెలా చీటీ వేసుకున్నాం.

బట్టల గురించి ఒక్కటే చెబుతాను. మనాలి నుంచి సోలాంగ్ వెళ్లే దారిలో అద్దెకిచ్చే మంచు సూట్లు క్యాలిపర్ మీదుగా ఎక్కవు. వాటర్‌ప్రూఫ్ ప్యాంటు ఇక్కడే కొనుక్కుని, టైలర్ దగ్గర నడుము నుంచి మడమ దాకా పక్కన జిప్పు పెట్టించుకోండి. లోపల కాటన్ వద్దు, చెమటకి తడిసి ఆరదు, ఉన్నిదో సింథటిక్‌దో వేసుకోండి.

చలి మన ఒంటిని ఏం చేస్తుంది

పోలియో కాల్లో స్పర్శ ఉంటుంది, రక్తప్రసరణ తక్కువ. చలికి నీలంగా, ఊదాగా మారి, ఉన్న కాస్త బలం కూడా పోతుంది. వెన్నుపూస గాయంలో దీనికి తిరగబడి ఉంటుంది, స్పర్శే ఉండదు కాబట్టి వేళ్లు గడ్డకడుతున్నా మీకు తెలియదు. అందుకే ప్రతి ముప్పావు గంటకీ లోపలికి వచ్చి, బూటు విప్పి, కళ్లతో చూసుకోవాలి. తెల్లగా మైనంలా కనబడితే ఆ రోజుకి ఆట ఆపేసి డాక్టరుకి చూపించండి. స్పర్శ లేని కాలికి వేడినీళ్ల బ్యాగు, హీట్ ప్యాకు నేరుగా పెట్టొద్దు, కాలినా తెలియదు. యూరిన్ బ్యాగు గొట్టం బట్టల లోపలే ఉండాలి, బయట ఉంటే గడ్డకట్టి మూత్రం వెనక్కి తంతుంది. ఛాతీ దగ్గర టీ6 పూసకీ అంతకంటే పైనా గాయం ఉన్నవాళ్లకి ఇది చాలా ముఖ్యం: మూత్రాశయం నిండినా, బెల్టు బిగుతైనా ఉన్నట్టుండి బీపీ పెరిగిపోతుంది, తల పగిలేంత నొప్పి, ముఖాన చెమట. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బెల్టులు వదులు చేసి, గొట్టం చూడాలి, తగ్గకపోతే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఈ సంగతి మీ తోడు మనిషికీ శిక్షకుడికీ ముందే చెప్పి ఉంచండి.

కృత్రిమ కాలు ఉన్నవాళ్లకి మొండి భాగం లైనర్ (దాని మీద వేసుకునే మెత్తని తొడుగు) లోపల చెమట పట్టి, తర్వాత అది చల్లబడుతుంది, ఇంకో లైనర్ దగ్గర ఉంచుకోండి. ఎత్తు కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన తిరుమల సుమారు 850 మీటర్లు, గుల్మార్గ్ 2,650. చేరిన మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి. బాత్రూమ్ కష్టమని నీళ్లు తాగడం మానెయ్యొద్దు. ఆ అలవాటు మన ఆడవాళ్లకి బాగా ఉంది, కొండల్లో అదే తలనొప్పీ వాంతులూ తెస్తుంది.

వాలు మీద

మొదటి రోజు నన్ను జారనివ్వలేదు. పడమన్నారు. చదునైన చోట సీట్లో కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, "పక్కకి పడు" అన్నారు. నా చెయ్యి దానంతటదే బయటికి చాచుకుంది. "వద్దు వద్దు, చేతులు లోపలికి" అని శిక్షకుడు అరిచాడు. చెయ్యి చాచి ఆపుకోబోతే మణికట్టో భుజమో పోతుంది, మనకి భుజాలే కాళ్లు కదా. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, గడ్డం ఛాతీకి దించి, మూటలా పడాలి. ఆ పూట పదిహేను సార్లు పడ్డాను. చెవిలోకి మంచు పోయింది. చిన్నప్పటి నుంచీ నా బతుకంతా పడకుండా ఉండటమే. బడిలో మెట్ల దగ్గర, పెళ్లిళ్లలో తడి గచ్చు మీద, బస్సు దిగేటప్పుడు, పడితే అందరూ చుట్టూ మూగి "అయ్యో పాపం" అంటారనే భయం. ఇక్కడ పడితే "బాగుంది, ఇంకోసారి" అంటున్నారు. పదో సారికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కొంచెం ఏడ్చాను కూడా, గాగుల్స్ ఉన్నాయి కాబట్టి ఎవరికీ కనబడలేదు.

రెండో రోజు వాలు ఎక్కించారు. మేమున్న చోట లిఫ్టు లేదు, నలుగురు తాడు కట్టి లాగారు. దిగడం ఎలాగో చెబుతాను. కొండ మీద నుంచి బస్సు దిగే ఘాట్ రోడ్డు గుర్తు చేసుకోండి, అది కొండని నిలువునా దిగదు, ఒక పక్కకి వెళ్లి మలుపు తిరిగి ఇంకో పక్కకి వస్తుంది, అందుకే బస్సు మన అదుపులో ఉంటుంది. స్కీ కూడా అంతే. వాలుకి అడ్డంగా వెళ్లండి, మలుపు తిరగండి, మళ్లీ అడ్డంగా. నిలువునా వదిలితే వేగం మీ చేతిలో ఉండదు. మలుపు తిరగాలంటే ముందు తల తిప్పి వెళ్లాల్సిన వైపు చూడాలి, తర్వాత ఆ వైపుకి ఒళ్లు వాల్చాలి, చూపు ఎటుంటే సీటు అటే వెళ్తుంది. నేను మొదటిసారి కంచె వైపే చూస్తూ కంచె వైపే వెళ్లాను, వెనకాయన తాడు లాగి ఆపాడు.

చిత్తూరు అన్నకి గైడుగా వచ్చిన కుర్రాడు హిమాచల్ వాడు. "బాయే", "దాయే" గాలిలో ఒకేలా వినిపిస్తున్నాయని అన్న చెబితే, ఇద్దరూ కూర్చుని తెలుగు మాటలు పెట్టుకున్నారు: ఎడమ, కుడి, ఆగు. మూడో రోజుకి ఆ వాలంతా "ఎడమాఆ… ఎడమాఆ… కుడీఈ" అని ఆ కుర్రాడి గొంతు. చూపు లేనివాళ్లతో వెళ్తుంటే ఇది తప్పకుండా చెయ్యండి, ఒకదానికొకటి దగ్గరగా వినబడని మాటలు, ముందే, చదునైన చోట సాధన చేసి పెట్టుకోవాలి. రేణిగుంట అన్న మాత్రం రెండు రోజులే చేశారు, మూడో రోజు కాలి బొటనవేలు తెల్లగా కనబడితే వదిన ఆపేసింది. వెంటనే చూపించాం, వేలికేం కాలేదు. ఆయనకి కోపమొచ్చింది, సాయంత్రానికి తగ్గింది. ఆగమని చెప్పే హక్కు ఎవరికి ఇస్తున్నారో ఇంటి దగ్గరే మాట్లాడుకుని వెళ్లండి.

హెల్మెట్, గాగుల్స్, సన్‌స్క్రీన్ మూడూ తప్పనిసరి. మంచు మీద ఎండ కింద నుంచి కూడా కొడుతుంది, ముక్కు కింద, గడ్డం కింద రాసుకోవడం మర్చిపోవద్దు.

తిరిగొచ్చాక

సీటు వెడల్పు, పాదాల పలక ఎత్తు, వీపు ఎంత వంపు, ఎన్నో బెల్టు ఎక్కడ ఒత్తింది, ఇవన్నీ అక్కడే కాగితం మీద రాసుకుని రండి. మళ్లీ వెళ్లినప్పుడు మొదటి రోజంతా కలిసొస్తుంది, మీ కొలతే ఉన్న ఇంకొకరికి కూడా పనికొస్తుంది. ఆదివారాలు మానకండి. మేమిప్పుడు పదకొండు మందిమి, అందులో సగం మందికి మంచు మీదికి వెళ్లే ఉద్దేశమే లేదు, బంతి విసురుకోవడానికి, తర్వాత ఇడ్లీ తినడానికి వస్తారు, అదీ మంచిదే. సామాను ఎవరికి వాళ్లు దాచుకోకుండా ఒకచోట పెట్టాం. నా గ్లౌజులు ఈ ఏడాది ఔలికి వెళ్లబోతున్న చంద్రగిరి అమ్మాయికి ఇచ్చాను. కుడి చేతి బొటనవేలి దగ్గర కుట్టు ఊడింది, వెళ్లేలోపు కుట్టించుకోమని చెప్పాను.